తెలుగు అలమరాకి ఓవర్‌హాలింగ్

"సత్యం బావా! అలమరాలో పుస్తకాలేయి? ఇటికలు ఎవులెట్టీసినారు?"

వీధి చివర నుంచి నరసమ్మ కేక. మొన్న ఆదివారం పొద్దున్న. నేను గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాను, ఒక ఘనకార్యం చేసినవాడి మొహం పెట్టుకుని. ఆ మొహం నాకు ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూడా నిలవలేదండి. మధ్యాహ్నానికల్లా నా పరువు ఎక్కడికి దిగిందంటే, నరసమ్మ గేదె కూడా నన్ను చూసి తల అటు తిప్పుకుంది. కూర్చోండి, చెప్తాను.

నేను రాయపూర్‌లో వ్యాగన్లు రిపేరు చేసే కార్ఖానాలో ఫిట్టర్ని. ఉండేది డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో. మా లైన్లో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లమే. కాలనీ గేటు దాటగానే భోపాల్ సర్కారు వాళ్ల వాచనాలయ్, అంటే లైబ్రరీ, ఒకటుంది. లోపలంతా హిందీ పుస్తకాలు. ఒక మూల, ఫ్యాను కింద, మా తెలుగువాళ్ల ఇనప అలమరా. దాన్ని చూసుకునే లైబ్రేరియన్ సాహూజీ ఇక్కడి ఛత్తీస్‌గఢీ మనిషి. తెలుగులో ఒక్క అక్షరం రాదు. అయినా సాయంత్రం పూట ఆ మూల బల్ల మా ఆడవాళ్లకి వదిలేశాడు. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి మా ఆవిడ పార్వతి అక్కడ చదువు చెప్తోంది. తను ఎనిమిది చదివింది లెండి. పిల్లల్ని కన్నవాళ్లు, మనవల్ని ఎత్తినవాళ్లు, పని ముగించుకుని చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి అఆలు దిద్దుతారు.

వాళ్లలో మొండిది నరసమ్మ. గ్యాంగ్‌మన్ అప్పలస్వామి పెళ్లాం, మా పక్క క్వార్టరు. రెండు గేదెలున్నాయి, లైనంతటికీ పాలు ఆవిడవే. ఏదో దూరపు వరస కలుపుకుని నన్ను బావా అంటుంది. ఆవిడ చదువుకి రావడానికి కారణం కూడా గేదే. అలమరాలో పాడిగేదెల పెంపకం మీద ఒక పుస్తకం ఉంది, ఆకుపచ్చ అట్ట, పైన గేదె బొమ్మ. "అచ్చం మా గౌరిలాగుంది వొదినా, దీన్లో ఏటి రాసినారో నాను సదవాల" అని కూర్చుంది. అంతే, ఇంక లేవలేదు.

ఇలా ఉండగా సాహూజీ ఒకరోజు మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చాడు. "సత్యం భాయ్, భోపాల్ నుంచి బడే సాబ్ వస్తున్నారు. పరీక్షలకి చదివే కుర్రాళ్లకి జాగా చాలడం లేదట. మీ అలమరాని ఎవరూ ముట్టుకోరు, గోడౌన్‌కి పంపించెయ్ అంటున్నారు. ముట్టుకుంటారని నేనన్నాను. అయితే ఆదివారం చూపించు అన్నారు."

అలమరా పోతే మూల పోతుంది. మూల పోతే బల్ల పోతుంది, బల్ల పోతే చదువు పోతుంది. అందరికీ అర్థమైంది. పార్వతి ఊరుకుంటుందా? ఒక్కొక్కరికీ ఒక్కో పుస్తకం పంచి, ఒక్కో పేజీ నోటికి వచ్చేదాకా చదివించింది. సాబ్ రాగానే ఎవరి పుస్తకం వాళ్లు అలమరాలోంచి తీసుకుని, ఎవరి పేజీ వాళ్లు చదవాలి. నరసమ్మకి గేదె మేత గురించిన పేజీ వచ్చింది. పాలు పితుకుతూ కూడా అదే వల్లించేది. గేదెకి కూడా వచ్చేసి ఉంటుంది.

ఇంతలో భిలాయిలో మా మరదలి సీమంతం వచ్చింది. పార్వతి వెళ్తూ వెళ్తూ అలమరా తాళంచెవి నాకిచ్చి చెప్పిన మాట ఇదీ: "మీరేమీ చెయ్యకండి. ఆదివారం పొద్దున్న లోకల్‌కి వచ్చేస్తాను. అంతగా తోచకపోతే కాస్త దుమ్ము దులపండి."

నేను ఆ మాటలో చివరి ముక్క ఒక్కటే విన్నాను.

దుమ్ము దులుపుదామని అలమరా తెరిచాను. నా గుండె చెరువైపోయింది. ఒకదాని వీపు ఊడిపోయింది. ఒకదాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. ఒకదాని మీద పసుపు చేతి ముద్ర. నరసమ్మ పుస్తకానికి పేడ వాసన. భోపాల్ నుంచి అంత పెద్ద మనిషి వస్తుంటే వీటినా చూపించేది?

మా కార్ఖానా పద్ధతి మీకు చెప్పాలి. వ్యాగను లోపలికి వచ్చేటప్పుడు ఎలాగైనా రానివ్వండి, తుప్పు పట్టి, సొట్టలు పడి, పక్కన సుద్దముక్కతో ఎవడి పేరో రాసి. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం అన్నీ ఒకటే రంగు. దాని మీద రేకు స్టెన్సిల్ పెట్టి తెల్లటి నంబరు. ఓవర్‌హాలింగ్ అంటే అదీ. ఇన్నేళ్లు ఆ పని చేసిన చేతులు కదా, ఊరుకోలేదు. అలమరాలో ఉన్న పుస్తకాలన్నీ ఇంటికి మోసుకొచ్చేశాను.

దళసరి ఖాకీ కాగితం కొన్నాను. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి, మంచి జిగురు తయారు చేశాను. స్కూలు పిల్లల్లా మడతపెట్టి వదిలేస్తే నేను ఫిట్టర్ని ఎలా అవుతాను? ముందూ వెనకా వీపూ మొత్తం అంటించేశాను. ఏనుగొచ్చి లాగినా రాదు. నంబర్లకి రేకు కూడా కోసి పెట్టుకున్నాను. కానీ భాద్రపదం ముసురు, జిగురు ఆరితేనా? తడి మీద రంగు కొడితే పాకేస్తుంది. సరే, నంబర్లు ఆదివారం మధ్యాహ్నం వేద్దాంలే, ముందు వస్తువు తయారుగా ఉండాలి కదా అనుకున్నాను. శనివారం సాయంత్రం, సాహూజీ తాళం వేసి వెళ్లేముందు, అన్నీ తీసుకెళ్లి అలమరాలో సర్దాను. యూనిఫారం వేసుకున్న పోలీసుల కవాతులా ఉన్నాయి. వెనక్కి రెండడుగులు వేసి చూసుకుంటే, నిజం చెప్పొద్దూ, కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఆ కేక దగ్గరికి వద్దాం. పొద్దున్నే నా దగ్గర అలమరా తాళంచెవి తీసుకెళ్లింది నరసమ్మే. పరుగున వెళ్లాను. అలమరా ముందు ఆడవాళ్లంతా నిలబడి ఉన్నారు. నరసమ్మ నడుం మీద చెయ్యేసుకుంది.

"నా పచ్చపుస్తకం ఏది బావా?"

"అందులోనే ఉంది నరసమ్మా. ఓవర్‌హాలింగ్ చేశాను."

"నా గేదె ఏది?"

"లోపలుంది."

"దేని లోపల?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో. వీళ్లు పుస్తకాల్ని పోల్చుకునేది అట్టలు చూసి. ఆకుపచ్చది నరసమ్మది. ఎర్రది, దీపం బొమ్మది, ఇంకొకావిడది. టీ మరకది ఒకరిది, పసుపు చెయ్యిది ఒకరిది. అవన్నీ నేను మైదా పెట్టి పూడ్చేశాను.

సాహూజీ మెల్లిగా, ఇంట్లో ఎవరో పోయినప్పుడు మాట్లాడినట్టు, "భైయా, యే క్యా కర్ దియా" అన్నాడు. ఇదేం పని చేశావు అని.

అదే టైముకి పార్వతి స్టేషన్ నుంచి సరాసరి అక్కడికే వచ్చింది, చేతిలో సీమంతం గాజుల సంచీతో. అలమరా చూసింది. నన్ను చూసింది. మళ్లీ అలమరా చూసింది.

"దుమ్ము దులపమన్నాను," అంది.

"దులిపాను."

"తర్వాత?"

నేను జవాబు చెప్పకముందే బయట జీపు ఆగింది. సాబ్ చెప్పిన టైము కంటే ముందే వచ్చేశాడు. పొడుగాటి మనిషి, కళ్లద్దాలు, నవ్వు అన్నది ఎక్కడో భోపాల్లోనే మర్చిపోయి వచ్చినట్టున్నాడు. వెనకాలే ఆ పరీక్షల కుర్రాళ్లు కూడా తలుపు దగ్గర మూగారు, మూల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని.

సాబ్ అలమరా ముందు నిలబడి, "ఇవన్నీ కొత్తవా? ఎవరూ తెరిచినట్టే లేవే," అన్నాడు హిందీలో.

ఎవరో ముట్టుకున్నారనడానికి ఉన్న రుజువులన్నీ, ఆ మరకలు, ఆ పసుపు, ఆ పేడ, నేనే దాచేశాను కదండీ. ఒకటొకటి తెరిచి వెతికి ఇద్దామని ముందుకి ఉరికాను. సాబ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరు కాదు. చదివేవాళ్లే తీసుకోవాలి."

ఆడవాళ్లు కదల్లేదు. పార్వతి తల దించుకుంది. ఇన్ని పుస్తకాల్లోంచి పేరు చదివి తమది తియ్యమని వాళ్లకి తను ఎప్పుడూ నేర్పలేదు, ఆ అవసరమే రాలేదు. సాహూజీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సాబ్ చేతి గడియారం చూసుకున్నాడు. తలుపు దగ్గర కుర్రాడొకడు బల్ల మీద తన సంచీ పెట్టేశాడు కూడా. నాకు ఆ సంచీని చూస్తే ఏడుపొచ్చింది.

అప్పుడు నరసమ్మ కొంగు బిగించింది. సాబ్ కోసం కాదు, నా మీద కోపంతో. ఒక పుస్తకం లాగింది, మొదటి పేజీ తిప్పింది, వేలు పెట్టింది.

"వం...ట...లు. పిం...డి వం...ట...లు. ఇది కాదు." పక్కన పడేసింది. "సత్తెం బావ సేతులిరిగిపోను." ఇంకోటి లాగింది. "కు...ట్టు ప...ని. ఇదీ కాదు. ఇది సిన్నమ్మిది, ఇంద తీసుకో." చిన్నమ్మి తీసుకుంది. ఇంకోటి. "నీ...తి క...థ...లు. బావా, ఇది నువ్వు సదువుకో."

సాబ్‌కి తెలుగు రాదు. కాసేపు చూసి సాహూజీ వైపు వంగాడు. "ఈవిడ ప్రతి పుస్తకమూ ఎందుకు పక్కన పడేస్తోంది?"

సాహూజీ కిటికీ వదిలి ఇటు తిరిగాడు. నరసమ్మ వేలు చూశాడు. "పఢ్ పఢ్ కే రఖ్ రహీ హై, సాబ్," అన్నాడు. చదివి చదివి పెడుతోంది.

"ఎన్నాళ్లనుంచి నేర్చుకుంటోంది?"

"ఉగాది నుంచి," అంది పార్వతి తలెత్తి.

సాబ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నరసమ్మని చూసి మిగతా ఆడవాళ్లు కూడా అలమరా మీద పడ్డారు. వాచనాలయ్ అంతా గుణింతాల గోల. హిందీ పేపరు చదువుకునే ముసలాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. చివరికి అట్టడుగు అరలో గేదెల పుస్తకం దొరికింది. నా జిగురు ధాటికి మొదటి రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి, అది వేరే సంగతి.

సాబ్ "బస్, ఠీక్ హై" అని లేవబోయాడు. నరసమ్మ లేవనిస్తేనా?

"మేత పేజీ సదవొద్దా? నాను నేర్సుకున్నది ఎవులికోసం?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. పచ్చిమేత ఎంత, ఎండుగడ్డి ఎంత, చిట్టు ఎంత, తవుడు ఎంత, పేజీ అంతా విన్నాడు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూనే ఉన్నాడు. పాపం, భోపాల్ నుంచి గేదె మేత వినడానికి వచ్చాడు.

మొత్తానికి తేల్చిందేమిటంటే, అలమరా ఉంటుంది, చదువు ఉంటుంది. మూల మాత్రం కుర్రాళ్లకే. మేం వరండాలోకి మారాలి, సైకిళ్లు పెట్టుకునే చోటుకి. ఫ్యాను లేదు. జల్లు కొడుతుంది. సాహూజీ బతిమాలాడు గానీ ఆయన దాని మీద మాత్రం కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, "ఈ కాగితాలు పీకేసి, పేర్లు కనిపించేలా పెట్టండి," అన్నాడు.

పీకి చూశాం. కాగితంతోపాటు గేదె తల ఊడొచ్చింది. నరసమ్మ ఆ తల అరచేతిలో పెట్టుకుని నా వైపు చూసిన చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోను. మిగతావి పీకే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఉండనీ, వరండాలో తడవకుండా ఇవైనా ఆపుతాయి," అంది పార్వతి. నేను చేసిన పనికి ఆ రోజు దొరికిన ఒక్కగానొక్క మెచ్చుకోలు అదే. అది కూడా నన్ను చూడకుండా అంది.

ఆడవాళ్లంతా వండి ఉంచారు. మా ఇంటి ముందు చాపలు పరిచి, సాహూజీతో సహా అందరం కలిసి తినాలని ముందే అనుకున్నాం. నేను అలమరా వరండాలోకి మోయించి, వీపు పట్టుకుని, ఆకలితో నకనకలాడుతూ ఇంటికొచ్చేసరికి అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. ఎవరూ తినడం లేదు. మధ్యలో గిన్నెలు వరసగా ఉన్నాయి. ప్రతి గిన్నె మూతికీ మిగిలిన నా ఖాకీ కాగితం, పురికొసతో బిగించి. అన్నీ ఒకేలా ఉన్నాయి. చక్కగా, కవాతులా.

"ఏమిటిది?" అన్నాను.

"ఓవరాలింగు," అంది నరసమ్మ. "కూకో బావా. ఇప్పి సూసి వడ్డించు. నీ మేత దేన్లో ఉందో సదువుకో."

మొదటిది విప్పాను. ఉప్పు. రెండోది ఊరమిరపకాయలు. మూడోది ఖాళీ గిన్నె, అది కావాలనే పెట్టారు. నాలుగోది గుమ్మడికాయ పులుసు, దానికి అన్నం ఏదీ? పార్వతి మొహం కొంగు చాటున ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి. సాహూజీ విస్తరి మీద నీళ్లు చల్లుకుని, చెయ్యి కడుక్కుని, నా వైపు చాలా మర్యాదగా తిరిగాడు.

"భైయా, కాస్త జల్దీ పఢియే. ఆకలేస్తోంది."