కాలరు లైనులో సంతకాలు

కంపెనీలో నాకు మొదట నచ్చింది ఆదివారం. నవ్వుకుంటారేమో గానీ, ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆదివారమంటే క్యాలెండరులో ఎర్ర అంకె, అంతే. మా నాయన మగ్గం గుంతలో దిగాడంటే ఏ పండగకో, ఎవరి చావుకో తప్ప పైకి వచ్చేవాడు కాదు. హిందూపురం అవతల చొక్కాలు కుట్టే కంపెనీలో నాకు పని దొరికి, వారానికో రోజు సెలవని చెబితే ఆయన ఒక పట్టాన నమ్మలేదు. పని ఇచ్చినవాడు ఊరికే ఇంట్లో కూర్చోమంటాడా, ఇందులో ఏదో మర్మముందని అమ్మతో అన్నాడట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. మరమగ్గాల దెబ్బకు మా వీధిలో చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూగబోతున్నాయి. నేను ఇంటర్ పాసై, ఇంట్లో అందరికీ బరువుగా కనిపిస్తున్న రోజులు. కంపెనీలో నాది చెకింగ్ పని. కుట్టి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి, కుట్టు తప్పిందా, దారం వేలాడుతోందా అని చూడడం. పొద్దున్నే ధర్మవరంలో పాసింజరు ఎక్కితే పెనుకొండలో ఇంకో గుంపు ఎక్కేది. హిందూపురంలో దిగి అందరం కంపెనీ బస్సుకు పరుగు తీసేవాళ్ళం. బండి లేటయితే గేటు వేసేసేవారు. బండి మా అబ్బసొత్తు అయినట్టు వాచ్‌మన్ మమ్మల్నే తిట్టేవాడు.

ఆమె పెనుకొండలో ఎక్కేది. ఊరు రొద్దం వైపు ఒక పల్లె. మొదటి బస్సుకు పెనుకొండ వచ్చి, అక్కడ రైలు అందుకునేది. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పాపా అనేది. కాలర్లు కుట్టే లైనులో ఆమెను మించినవాళ్ళు లేరు. కాలరు మొన తిరగేసి సూటిగా నిలబెట్టడం అందరి వల్లా కాదు. ఆమె కుట్టిన పీసులైతే నేను చూడకుండానే పాసైన గుట్టలో వేసేదాన్ని.

ఆ అక్కకు కంపెనీ అంటే ప్రాణం. ఆమెకు నచ్చింది నాకులా ఆదివారం కాదు, క్యాంటీను. ఊరికి ఎడంగా ఉన్న వాడలో పుట్టిన మనిషి. రెడ్ల చేలల్లో కూలికి పోతే దాహానికి దోసిలి పట్టాలి, వాళ్ళు పైనుంచి పోయాలి. టీ అయితే కొట్టం చూరులో దోపిన వేరే గ్లాసులో. కంపెనీలో పదింటికి బెల్లు కొడితే అందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు. ఆమె తాగిన గ్లాసును కడిగి, మరుసటి రోజు ఏ పెద్దింటి పిల్లకో ఇస్తారు. అడిగేవాడు లేడు. ఈ మాట రైల్లో ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాకు విసుగొచ్చేది కూడా. నాకేం తెలుసు, నాకెవరూ నీళ్ళు పైనుంచి పోయలేదు.

ఇక నచ్చనిది చెప్పాలంటే మా అందరికీ ఒకటే, టోకెన్. లైనుకు ఒకటి చొప్పున చెక్క బిళ్ళ, తాడు కట్టి సూపర్‌వైజర్ పక్కన మేకుకు తగిలించి ఉండేది. బాత్రూముకు పోవాలంటే అది మెడలో వేసుకుని పోవాలి. పోయినవాళ్ళు తిరిగొచ్చి మేకుకు తగిలించేదాకా ఇంకొకరు లేవకూడదు. మెడలో బిళ్ళతో మగవాళ్ళ బల్లల మధ్య నడుచుకుంటూ పోతే ఎక్కడికి పోతున్నామో ఊరంతటికీ తెలుస్తుంది. ఆ సిగ్గుకు సగంమంది పొద్దుటి నుంచి నీళ్ళే ముట్టేవాళ్ళు కాదు. మార్చి నెలలో, పైన రేకులు కాగుతుంటే, గొంతు తడుపుకోకుండా కుట్టేవాళ్ళు.

ఒకరోజు బెంగుళూరు హెడ్డాఫీసు నుంచి కాగితాల కట్ట వచ్చింది. కంపెనీలో మీకు నచ్చినవి ఏమిటి, నచ్చనివి ఏమిటి అని రెండు ప్రశ్నలు, ఇంగ్లీషులో. చదువు రానివాళ్ళకు చదివి చెప్పి, వాళ్ళు చెప్పింది రాసిపెట్టే పని నాకు అప్పజెప్పారు. పేర్లు మాత్రం ఎవరివీ వద్దు, భయపడకుండా చెప్పమనండి అని మేనేజరు గట్టిగా చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. రెండు రోజులు బల్ల దగ్గర నిలబడే పని తప్పింది మరి.

కాలరు లైనులో మొదట అక్క దగ్గరికే పోయాను. నచ్చినవాటి కింద గ్లాసు సంగతి రాయమంది. ఇంగ్లీషులో దాన్ని ఎలా రాయాలో తెలియక, క్యాంటీను బాగుంది అని రాశాను. అంత పొడుగు మాట ఇంత పొట్టిగా ఎలా అయిందని ఆమె అనుమానంగా చూసింది. నచ్చనివాటి కింద టోకెన్ చెప్పింది. ఆడవాళ్ళను పశువుల్లా బిళ్ళ కట్టి తోలడం మర్యాద కాదని, దాన్ని తీసేస్తే పని ఇంకా బాగా చేస్తామని, అన్నీ వరసగా, తొణక్కుండా చెప్పింది. నేను తెలుగులోనే రాసుకున్నాను. అయిపోయిందనుకుని లేవబోతే కాగితం పట్టుకుని, సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

పేర్లు వద్దన్నారక్కా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"పేరు లేకుండా రాస్తే అది ఆకాశరామన్న జాబు కాదా పాపా? నేనేమన్నా దొంగమాట చెప్తాండానా? మా వాడకు బోరు కావాలని అర్జీ పెట్టినప్పుడు ఇంటింటికీ సంతకం పెట్టినాకే ఆఫీసరు చదివినాడు. పేరు లేని మాట ఎవురు వింటారు?"

ఊళ్ళలో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రాలు పెట్టినప్పుడు పలక పట్టి ఆమె నేర్చుకున్నది ఆ సంతకమే. నాకు అది తెలుసు. కాదంటే ఏమయ్యేది? ఆమెకు చదవడం రాదు. సంతకం పెట్టించుకున్నా, ఆ కాగితం పక్కన పెట్టి, తర్వాత పేరు లేకుండా ఇంకోదాంట్లో ఎత్తి రాసేసి ఉంటే ఆమెకు తెలిసేదే కాదు. ఆ ఆలోచన నాకు రాలేదు. టీ బెల్లు కొట్టే వేళయింది, నాకు తొందరగా ఉంది. పెట్టుకో అక్కా అన్నాను. ఆమె పెన్ను గట్టిగా పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టి, అక్షరం అక్షరం కాగితం చిరిగిపోతుందా అన్నట్టు రాసింది. పక్క మిషనామె చూసింది. అక్క పెట్టింది కదా, నాకేం తక్కువ అని తనూ పెట్టింది. సాయంత్రానికి కాలరు లైనులో ప్రతి కాగితం కింద ఒక సంతకమో, ఇంకు ప్యాడు మీద అద్దిన వేలిముద్రో ఉంది. అన్నింట్లోనూ టోకెన్ మాటే. తక్కిన లైన్ల కాగితాలు పేర్లు లేకుండా శుభ్రంగా ఉన్నాయి.

వారం తర్వాత మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. నిలబడే ఉంటే, కూర్చో అమ్మా అని కుర్చీ చూపించాడు. కంపెనీలో చేరాక నాకు ఎవరైనా కుర్చీ చూపించడం అదే మొదటిసారి. ఆయన కన్నడం కలిసిన తెలుగులో మెత్తగా మాట్లాడాడు. ఒక లైనంతా ఒకే మాట రాసి సంతకాలు పెట్టారంటే దాన్ని అభిప్రాయం అనరని, యూనియన్ అంటారని, హెడ్డాఫీసులో తన మెడ మీద కత్తి పెట్టారని చెప్పాడు. మొదట ఎవరు పెట్టారో చెబితే చాలన్నాడు. నువ్వు చదువుకున్నదానివి, నీమీద నాకు నమ్మకముంది అన్నాడు.

నేను చెప్పాను. తప్పించుకోవడానికి ఎన్నో సాకులు ఇన్నేళ్ళుగా వెతికాను. నాయన మగ్గం అప్పటికి ఆగిపోయిన మాట నిజం. ఇంట్లో పొయ్యి నా పని మీదే వెలుగుతున్న మాట నిజం. కానీ ఆయన నన్ను బెదిరించలేదు. కుర్చీలో కూర్చోబెట్టాడు, నమ్మకముందన్నాడు, నేను పొంగిపోయి చెప్పేశాను. సిగ్గుపడాల్సింది దానికే.

అక్కను పనిలోంచి తీసేయలేదు. అంత మొరటుగా చేసే కంపెనీ కాదది. ముందు కాలర్ల నుంచి మార్చి, దారాలు కత్తిరించే చోట రోజంతా నిలబెట్టారు. అది కొత్తగా చేరిన పిల్లలు చేసే పని. ఆమె కిమ్మనకుండా చేసింది. తర్వాత గేటు దగ్గర, ఈరోజు పని లేదు రేపు రా అనడం మొదలుపెట్టారు. ఆమె నమ్మి మరుసటి రోజు వచ్చేది. మేమంతా లోపలికి పోతుంటే గేటు బయట పక్కకు జరిగి, మా మొహాల్లోకి చూడకుండా నిలబడేది. ఎన్నో రోజులు అలా వచ్చి పోయింది. ఒకనాడు పెనుకొండలో బండి ఆగితే ఆమె ఎక్కలేదు. నేను కిటికీ వైపు నుంచి లేచి లోపలి సీట్లోకి మారిపోయాను.

ఇంకొన్నాళ్ళకు విదేశాల నుంచి చొక్కాలు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారని హడావుడి పుట్టింది. గోడలకు సున్నాలు వేశారు. మేకులతో సహా టోకెన్లు పీకేశారు. ఉద్యోగుల అభిప్రాయాలను గౌరవించి తీసేశామని నోటీసు అంటించారు. అందరూ సంతోషించారు, నీళ్ళు తాగారు. నన్ను చెకింగ్ బల్ల నుంచి తప్పించి, హాజరు రాసే టైమ్ ఆఫీసులోకి వేశారు. కుర్చీ ఉన్న పని. ఇంట్లో అమ్మ పాయసం వండింది. నాకు ముద్ద దిగలేదని చెప్పాలని ఉంది గానీ, దిగింది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

ఆమెను మళ్ళీ చూసింది రెండేళ్ళ తర్వాత. పెనుకొండలో బంధువుల ఇంట్లో నామకరణానికి పోయి వస్తున్నాను. బస్టాండు పక్కన, వేరుశనగ చేలల్లో కలుపు తీయడానికి పోయే ఆడవాళ్ళు టెంపో కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళలో అక్క. ఎండకు నల్లబడింది. తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే నన్ను చూసి, పాపా అని పిలిచింది. నాయన ఎట్లా ఉన్నాడని, పెళ్ళి కుదిరిందా అని అడిగింది. అంత మామూలుగా అడిగేసరికి నేను తట్టుకోలేకపోయాను.

"అక్కా, మొదట సంతకం పెట్టింది నువ్వేనని మేనేజరుకు చెప్పింది నేనే."

ఆమె ఆశ్చర్యపోలేదు. "నా పేరు నేనే రాసిస్తి గదా పాపా. దాంట్లో నువ్వు చెప్పేదేముండాది?" అంది. టోకెన్ తీసేశారన్న మాట విన్నదట. మంచిపని అయింది అంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

"నీగ్గూడా ఒక కాగితం ఇచ్చింటారు గదా. నచ్చనివాటి కింద నువ్వేం రాసినావు?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఆ కంపెనీలో నీళ్ళు తాగకుండా పనిచేసినదాన్నే. మూత్రంలో మంటతో రైల్లో కాళ్ళు ముడుచుకుని ఏడుస్తుంటే, మజ్జిగ తెచ్చి తాగించింది ఆమే. ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను. ఏమీ లేవని రాసినానక్కా అన్నాను.

ఆమె కోప్పడితే బాగుండేది. టెంపో వచ్చి ఆగింది, ఆడవాళ్ళు గంపలు అందుకుంటున్నారు. ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి చూసింది.

"మా అందర్లో రాసేకి వచ్చిన చెయ్యి నీదొక్కటే గదా పాపా" అని, కొంగు నడుముకు చెక్కుకుని, వాళ్ళతో పాటు టెంపో ఎక్కింది.