తెల్లబడిన నారు

నేను కామారెడ్డిలో ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్తాను. రోజూ ఎల్లారెడ్డి నుంచి బస్సులో పోయి వస్తాను. ఇంట్లో నా చదువు కరివేపాకు చెట్టుకు పట్టిన తెగులు పేరు చెప్పడానికే పనికొచ్చేది. పొలం సంగతి అత్తమ్మ, మా ఆయన చూసుకునేవాళ్లు. పోయిన యాసంగి పంట దాకా నేనెప్పుడూ నోరు మెదపలేదు.

ఆ యాసంగిలో వరి నారు పోశాక చలి ఎముకలు కొరికింది. నారుమడిలో కొత్త ఆకులన్నీ తెల్లగా పాలిపోయి వచ్చాయి. జింకు మందు కొట్టినా మారలేదు. మా ఆయన గట్టు మీద నిలబడి, "దున్నేసి మళ్ల నారు పోద్దాం అవ్వా" అన్నాడు వాళ్లమ్మతో. మళ్లీ పోస్తే నాట్లు వెనకబడతాయి, పంట చేతికి రాకముందే బోరు ఎండిపోతుంది. దున్నకుండా ఉంచిన నారు చచ్చిపోతే అసలు పంటే ఉండదు. నేను ఒక మొక్క పీకి చూశాను. వేరు బతికే ఉంది.

"దున్నొద్దు" అన్నాను.

మా ఆయన నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. "ఎందుకు బిడ్డా?" అంది. ఇన్నేళ్లుగా పాఠాలు చెప్తున్నాను, ఇది పరీక్షలో వస్తుందా అని అడిగినవాళ్లే గానీ, ఎందుకు అని అడిగినవాళ్లు లేరు.

"ఆకు లోపల ఎండను పట్టే యంత్రాలుంటయ్ అత్తమ్మా. ఒక్కోదానికి బోలెడు ముక్కలు. ఆ ముక్కలను పట్టుకొని, వాటి జాగల కూసోబెట్టే ప్రోటీన్లు వేరే ఉంటయ్. అవి లేకుంటే ముక్కలు ఒకదానికొకటి అడ్డంగ అతుక్కుంటయ్, పచ్చరంగు నిలవది. వేరు బతికే ఉన్నది, ఎచ్చగైతే మళ్ల పచ్చబడ్తది; ఈ చలికే వాటి చేతులు కొంకర్లు వోయినయ్."

"నాయే పోతున్నయ్, ఇగ వాటివెంత" అంటూ అత్తమ్మ వేళ్లు రుద్దుకుంది. "యంత్రం తయారైనంక అవి ఏడ ఉంటయ్?" అని అడిగింది.

"అండ్ల ఉండవు. ఇంకోదాని కాడికి పోతయ్."

అత్తమ్మ కొడుకు వైపు తిరిగి, "నాగలి కట్టకు" అంది. అంతే.

యూరియా సంచులు విప్పి, పెద్ద పట్టాలుగా కుట్టింది. పొద్దుగూకే ముందు మడిలో చల్లనీళ్లు తీసేసి నారుకు పట్టా కప్పేది. పొద్దున అది తీసి గోరువెచ్చని బోరు నీళ్లు పెట్టేది. మా ఆయన ఊరంతా తిరిగి, మా ఇంట్లో నారుకు దుప్పటి కప్పుతున్నారని చెప్పుకున్నాడు. నాకు బస్సులో కూర్చున్నా మనసు మడిలోనే ఉండేది. తెగులు ఇంకేదైనా అయితే? పుస్తకంలో చదివిన ముక్క పట్టుకొని ఇంటి గింజలు ముంచానా?

చలి విరిగాక ఒక ఆదివారం అత్తమ్మ నన్ను మడి దగ్గరికి తీసుకుపోయింది. ఆకుల మొదళ్లలో పచ్చదనం పాకుతోంది. గట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను.

నాట్ల రోజు అత్తమ్మ మొదటి నారు కట్ట నా చేతిలో పెట్టింది. "నీ మాట మీద నిలవడ్డ నారు. నువ్వే వెయ్యి" అంది. నేను పుట్టి బుద్ధెరిగి నాటు వేయలేదు. నా వరస వంకర్లు పోయింది, సగం మొక్కలు పక్కకు ఒరిగాయి. కూలికి వచ్చిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. సిగ్గేసి, నీళ్లు తాగే వంకతో గట్టెక్కాను.

తిరిగి వచ్చి చూస్తే నా వరసలో ప్రతి మొక్కా నిటారుగా నిలబడి ఉంది. అత్తమ్మ అక్కడ లేదు. మడికి ఆ చివర, ఇంకెవరి వరస దగ్గరో వంగి ఉంది.