సముద్రపు కుందేలు తిండి మానేసింది

మాది రాయలసీమ. సముద్రానికీ మా ఇంటికీ ఏ చుట్టరికమూ లేదు. అలాంటి ఇంట్లో పుట్టి, ఎమ్మెస్సీలో నేను సముద్రపు నాచు చదివాను. పిల్ల ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే మా మేనత్త "పాచి" అని ఒక్క ముక్కలో తేల్చేసేది. పీహెచ్‌డీ చెయ్యాలని చాలా ఆశపడ్డాను, కుదరలేదు. అందరిలాగే ఒక కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పడ్డాను. నాచుకు తిలోదకాలిచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రోజూ కూకట్‌పల్లి నుంచి రాయదుర్గం వచ్చి ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆఫీసులో దాన్ని నైపుణ్యం అంటారు, ఇంట్లో రోగం అంటారు.

మా ఆఫీసు లాబీలో ఒక పెద్ద ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. దాన్ని చూసుకునే ఆయన నా ఈడువాడే, చందానగర్ నుంచి బండి మీద వస్తాడు. లిఫ్టు కోసం నిలబడి నేను అద్దంలోకి తొంగిచూడటం గమనించి ఆయనే మాట కలిపాడు. నా పాచి చదువు సంగతి ఆ భవనంలో తెలిసింది ఆయనొక్కడికే.

ఆ నీళ్లలో ఒక సముద్రపు కుందేలు ఉండేది. పేరుకే కుందేలు, నిజానికి నత్తకు దగ్గరి చుట్టం, పైకి గుల్ల కనిపించదు. తలమీద చెవుల్లా రెండు కొమ్ములుంటాయి. అవి వినడానికి కాదు, వాసన పట్టడానికి. కళ్లు ఉన్నా లేనట్టే. నాచు తప్ప ఇంకేదీ ముట్టదు. లాబీలో అందరూ రంగురంగుల చేపల్ని చూసేవారు, నేను మాత్రం ఆ బూడిదరంగు ముద్దను చూసుకుని మురిసిపోయేదాన్ని.

ఒక సోమవారం విదేశీ క్లయింట్లు వస్తున్నారన్నారు. ఇంట్లో పెళ్లి, ఊళ్లో కుక్కలకు హడావుడి అన్నట్టు వారం ముందే భవనమంతా కడగడం మొదలైంది. మా ఫెసిలిటీస్ మేనేజరు కాకినాడ వైపు మనిషి. ప్రతి మాటకూ "అండి" తగిలిస్తాడు గానీ మాటలో మెత్తదనం ఉండదు. అక్వేరియం దగ్గర ముక్కు ఎగబీల్చి, దాన్ని చూసుకునే ఆయనతో "నీచు వాసన వస్తోందండి. సోమవారానికి పోలేదనుకోండి, ఇక్కడ ట్యాంకూ ఉండదు, మీరూ ఉండరండి" అన్నాడట.

పాపం, ఆయన రాళ్లకు పట్టిన నాచంతా గీకేశాడు. నీళ్లు వడగట్టే చోట ఒకటికి మూడు బొగ్గు సంచులు పెట్టాడు. ఆ బొగ్గు నీటిలో కరిగిన రంగునీ వాసననీ పీల్చేస్తుంది. నీళ్లు అద్దంలా అయ్యాయి. కుందేలు కోసం ఒక మూల ఎండు నాచు వేలాడదీశాడు.

శుక్రవారం మధ్యాహ్నం లిఫ్టు దగ్గర నన్ను ఆపాడు.

"మేడం, జర ఇటు సూస్తరా? మూడు రోజులైంది, ఏం తింటలేదు. మూతి కాడ పెడితే ముడుసుకుంటుంది."

నేను టెస్టర్ని కదా, వెంటనే జాబితా విప్పాను. ఉప్పు ఎంత, వేడి ఎంత, నీళ్లు ఎప్పుడు మార్చారు? అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కుందేలు మాత్రం నాచుకు అవతలి మూల అద్దానికి అతుక్కుని, వాడిన వంకాయలా ఉంది. నాకు దిగులేసింది. ఏం చెయ్యాలో తెలియక, నాకు తెలిసినదేదో చెప్పడం మొదలుపెట్టాను. నాచును ఏదైనా కొరికితే దాని రసం నీళ్లలో కలుస్తుందని, ఆ వాసన పట్టుకునే తినే ప్రాణులు దూరం నుంచి వస్తాయని, ముందు వాసన తగిలితేనే దీనికి ఆకలి లేస్తుందని, కొన్ని రకాల నాచు పక్కది గాయపడితే ఆ కబురు అందుకుని ముందే చేదెక్కుతుందని. నోరు తెరిచానంటే చాలు, నాకు ఆపడం తెలియదు.

ఆయన బుద్ధిగా అంతా విన్నాడు. కాసేపు ఫిల్టరు వైపు చూశాడు.

"అయితే మేడం, ఆకు మాట్లాడేది నీళ్లల్ల కదా. మనం బొగ్గు ఏసి దాని నోరు మూసినం కదా?"

రెండేళ్లు చదివిన చదువు నాది, జవాబు ఆయనది. సిగ్గుపడ్డాను, అంతకు రెట్టింపు సంతోషపడ్డాను.

"తీసేస్తే మళ్లీ వాసనొస్తుంది. మీ పని పోతుందేమో" అన్నాను.

"జీవమే పోతే ఇగ నా పనేంది మేడం?" అని ఆయన చొక్కా చేతులు మడిచాడు.

మూడు సంచులూ బయటికి తీశాడు. నేను ఒక నాచుముక్కను కప్పు నీళ్లలో వేసి, గోంగూర నలిపినట్టు బాగా నలిపి ఇచ్చాను. ఆయన ఆ నీళ్లు మెల్లగా కుందేలు ఉన్న వైపు వంచాడు. ఒక మీటింగు ఎగ్గొట్టి అక్కడే నిలబడ్డాను. చాలాసేపటికి కొమ్ములు లేచాయి. తల అటూ ఇటూ ఊపింది. అద్దం వదిలేసి, మా ఇద్దరి ప్రాణాలూ తోడేస్తూ, తీరిగ్గా పాకుతూ వెళ్లి నాచు అంచు కొరికింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, చేతికంటిన నాచు నీళ్లు ముక్కు దాకా పూసుకుని.

బొగ్గు తీయించింది నేనేనని సోమవారం మేనేజరుకు చెబుతానని మాటిచ్చాను. తీరా ఆ పొద్దున ఫోను మీటింగు జీడిపాకంలా సాగింది. అతిథులు అప్పటికే కింద దిగారని తెలిసి, మాట తప్పానన్న భయంతో మెట్ల మీద పరిగెత్తాను.

లాబీలో సన్నగా సముద్రం వాసన. అక్వేరియం చుట్టూ అతిథులు, మధ్యలో మా అక్వేరియం ఆయన తడి చేతులతో వివరిస్తున్నాడు. మేనేజరు చెమటలు కక్కుతూ దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు. "ఆగండాగండి, ఆకుని కొరికితే ఏమవుతుందన్నారు? మళ్లీ చెప్పండి" అంటున్నాడు. కుందేలు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నములుతోంది.

ఒక పెద్దావిడ ఏదో అడిగింది. మేనేజరు అక్వేరియం ఆయన వైపు తిరిగి, "మీది ఏ సముద్రతీరం అని అడుగుతున్నారండి" అన్నాడు.

"చందానగర్."

మేనేజరు దాన్ని ఎలా అనువదించాలో తెలియక నిలబడిపోయాడు.

"నేను ఇప్పటిదాంక సముద్రం సూడలే సార్. గివన్నీ మేడం చెప్పింది" అని ఆయన నా వైపు చెయ్యి చాపాడు. "మీకు తెల్వదా? ఆమె చదివిందే నాచు."

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు టెస్టింగ్ కదండీ?" అన్నాడు. కాదు అని నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.