వేడి గిన్నెలు గోడవైపు

నాలుగేళ్ల కిందట, జూన్ మొదటి వారంలో, నన్ను చెన్నై పెరంబూరులోని ఒక క్రెష్‌కు ట్రయల్ కోసం పంపారు. అప్పుడు నేను పిల్లల ఆటసామాను తయారుచేసే సంస్థలో జూనియర్ డిజైన్ ఇంజనీర్‌ని. ఆ ఉద్యోగం వదిలి ఇప్పటికి ఏడాది. ట్రయల్ అంటే, తయారీకి వెళ్లే ముందు నమూనాను మూడు రోజులు పిల్లల మధ్య ఉంచి, మూలన కూర్చుని, నోరు మెదపకుండా రాసుకోవడం.

నేను సొంతంగా గీసిన మొదటి నమూనా అది. రబ్బరు చెట్టు చెక్కతో చేసిన వంటసామాను. పన్నెండు వస్తువులు, నాలుగు ట్రేలు. తమిళ ఇంటికి ఇడ్లీ పాత్ర, తెలుగు ఇంటికి ఊరగాయ జాడీ, బీహార్ ఇంటికి చపాతీ పీట, కర్ర, పెనం, నేపాల్ ఇంటికి మోమోలు ఉడికించే పాత్ర, ఇలా. వర్క్‌షాపు గోడమీద ప్రతి స్పానర్‌కూ దాని ఆకారం గీసి ఉంచినట్టు, ప్రతి వస్తువుకూ ట్రేలో గుంత పెట్టించాను. క్రెష్‌లో ఈ నాలుగు రకాల ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఆట ముగిశాక వస్తువులు వాటి గుంతల్లోకి చేరితే, ఏది ఎవరి ఇంటిదో పిల్లలు నేర్చుకున్నట్టు. పన్నెండింటిలో తొమ్మిదైనా చేరాలని మా ప్రాజెక్ట్ హెడ్ షరతు. చేరకపోతే సెట్టు రద్దు. నమూనా కూడా వెనక్కి తెచ్చేయాలి.

క్రెష్ నడిపే ఎస్తేరు టీచర్‌ది తరతరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. మొదటి రోజే ట్రేలమీది పేర్లు చదివి నవ్వింది.

"ఏం తంబీ, ఇడ్లీ వాళ్లకిచ్చేసి మనకి జాడీ ఒకటే మిగిల్చినావా? మా ఇంట్లో పొద్దున్నే ఊరగాయ తింటామా ఏంది?"

నమూనాయే కాబట్టి సరిదిద్దవచ్చని చెప్పాను.

"సరి, దిద్దుకో. ఎత్తుకొని మాత్రం పోబాక. ఈడ పిల్లోళ్లకి ఇంకేం సామాన్లు లేవు."

మొదటి రోజు గుంతల్లోకి చేరినవి రెండు. రెండో రోజు ఒకటి. పిల్లలు వదిలి వెళ్లిన తీరును ఫోటో తీసి, మిగతావన్నీ నేనే సర్దాను.

మూడో రోజు, నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్ కూతురు, నాలుగేళ్ల పిల్ల, చపాతీ పెనాన్ని గౌను అంచుతో పట్టుకుని ఎత్తింది. నేను రాయడం ఆపాను. అది చెక్క పెనం. ఏనాడూ పొయ్యి ఎక్కనిది. దాన్ని గోడవారకు చేర్చింది. ఇడ్లీ పాత్ర, మోమో పాత్ర అప్పటికే అక్కడున్నాయి. అంతలో ఏడాది పాప ఒకతె పాక్కుంటూ వచ్చి పెనం మీదికి చెయ్యి చాపింది.

"సూడు!"

"కాల్తాది!"

"గరమ్ హై!"

"తాతో!"

తమిళంలో సూడు అన్నా, నేపాలీలో తాతో అన్నా వేడి అనే. నాలుగు భాషల్లో ఒకే హెచ్చరిక, ఒకే క్షణంలో. ముగ్గురు పాపను వెనక్కి లాగారు. వాచ్‌మన్ కూతురు ఆ చిన్న వేళ్లమీద ఉఫ్ ఉఫ్ అని ఊదింది. పాప కూడా నిజంగా కాలినట్టే వేళ్లు చూసుకుంది.

ఆట ముగిసే గంట కొట్టారు. గుంతల్లో చేరినవి సున్నా. ఫోన్‌లో మూడు రోజుల ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడింటిలోనూ పెనం, ఇడ్లీ పాత్ర, మోమో పాత్ర, టీ కెటిల్ గోడవైపు. పీట, కర్ర, జాడీ, పళ్లేలు ముందు వైపు. నేను వారం రోజులు గీసిన అమరిక కంటే అది కచ్చితంగా ఉంది. ఇలా పెట్టమని ఎవరు నేర్పారని టీచర్‌ని అడిగాను.

"నేర్పేదేంది తంబీ? ఏ ఇంట్లో అయినా అమ్మ మొదట చెప్పే మాట అదే గదా."

రిపోర్టులో సున్నాను సున్నాగానే రాశాను. కింద మూడు ఫోటోలు జత చేసి, వేడివాటిని ఎర్ర గీతతో చుట్టాను. సెట్టు పోతుందనే అనుకున్నాను. మర్నాడు హెడ్ ఆ ఫోటోలు చూసి ఫోన్ చేసి, గుంతలూ పేర్లూ తీసేసి అన్నిటికీ కలిపి ఒకే చదును పలక గీయమన్నారు. నమూనా వెనక్కి తేవాలా అని అడిగాను. అక్కర్లేదన్నారు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, ఏ సామానుకైనా అరలు గీయక ముందు, పిల్లలు దాన్ని ఎక్కడ పెడతారో మూడు రోజులు చూసి పట్టికలో రాసుకున్నాను. ఆ పట్టికలో 'ఎవరి ఇంటిది' అనే గడి ఉంచలేదు.