బాబా తుపాకీ, నా పసుపు గ్లవ్స్

ఈ అరబ్బు దేశానికి వీసా ఇచ్చి, డ్రైవర్‌గా పెట్టుకున్న యజమానిని, అంటే మా కఫీల్‌ని, నేను బాబా అంటాను. మగవాళ్లు కబుర్లకు చేరే హాలు, దివానియా, గోడకు తగిలించుకోవడానికని పాతకాలం సైనికుల తుపాకీ ఒకటి కొన్నాడాయన. అది పేలదట, కాగితాలు కూడా ఉన్నాయట. ఇవాళ పొద్దున దాన్ని దుప్పట్లో చుట్టి, షాపులుండే షువైఖ్ పేటకు తీసుకెళ్లి చెక్కకు పాలిష్ పట్టించుకు రమ్మన్నాడు.

పేలని తుపాకీకి దుప్పటి ఎందుకండీ? నాకు అక్కడే అనుమానం వచ్చింది. మీరూ వస్తేనే బండి తీస్తానని బాబాతో అన్నాను. పైగా వంటింట్లో గిన్నెలు తోమే పసుపు గ్లవ్స్ తొడుక్కున్నాను. ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా కోసం పది వేళ్ల ముద్రలూ ఇచ్చుకున్నవాణ్ని మరి!

పాలిష్ పట్టే కడప సుబ్బన్న నాకంటే అనుమానప్పక్షి. దుప్పటి విప్పగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను ముట్టుకోనబ్బా. మన ఏలిముద్రలన్నీ వీళ్ల కంప్యూటర్లో ఉండాయి. ఆయప్పనే పట్టుకోమను."

చివరికి కాళ్లదాకా ఉండే తెల్లటి దిష్‌దాషా చొక్కాలో బాబాయే తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు. సుబ్బన్న పుల్లకు గుడ్డ చుట్టి, దూరం నుంచే నూనె రాశాడు. చెక్క మాత్రం నిగనిగలాడిపోయింది.

ఇంటికి రాగానే బాబా భార్య, ఇక్కడి పద్ధతిలో నేను మామా అని పిలిచే ఇంటావిడ, గుమ్మంలోనే నిలదీసింది.

"ఇంట్లోకి తుపాకీ ఎవరు తెచ్చారు?"

బాబా తడుముకోకుండా నన్ను చూపించాడు.

"డ్రైవర్ ముచ్చటపడ్డాడు."

కాదు మామా అని రెండు చేతులూ ఊపాను. ఆవిడ నా ముఖం చూడలేదు. పసుపు గ్లవ్స్ వైపే చూసింది.

మీరైనా నమ్ముతారా నన్ను?