హేరోదుకి జపాన్ కవచం

మా హాల్లో, మా ఆవిడ ట్రెడ్‌మిల్ పెట్టాలనుకున్న మూలలో, ఒక జపాన్ యోధుడు కూర్చుని ఉంటాడు. లోపల మనిషి లేడు. చెక్క స్టాండు మీద ఇనుప టోపీ, మొహానికి కట్టుకునే ఇనుప ముసుగు, ఛాతీ కవచం, భుజాల పలకలు, అంతే. ఆ ముసుగుకి గుర్రపు వెంట్రుకల మీసాలు, బుగ్గల నిండా ముడతలు, పళ్ళు బయటపెట్టిన కోపం. పెళ్ళిలో రెండో బంతికి కూర్చోమన్నప్పుడు మా పెద్ద మేనమామ మొహం సరిగ్గా ఇలాగే ఉండేది. చూడగానే నచ్చేసి కొన్నాను. ఇంట్లో దాన్ని ముసలాయన అంటాం.

ఈ పిచ్చి నాకు సూబాలతో మొదలైంది. జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఉండే ఇనుప బిళ్ళని సూబా అంటారు. దాని మీద తుప్పు రంగు చూసి వయసు చెప్పాలి. పగలు ఆఫీసులో ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతాను, సాయంత్రం ఎవరో సాగగొట్టిన ఇనుములో వెతుకుతాను. మొదటి సూబాని మా ఆవిడ ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టింది. "బాగా ఆగుతోందండీ, ఇంకోటి తెండి" అంది.

కవచంలో అసలు సంగతి మాత్రం ఇనుము కాదు, పట్టుతాడు. లక్క పూసిన చిన్న ఇనుప రేకుల్ని వరసలుగా పేర్చి నీలం పట్టుతో అల్లుతారు. ఇనుము ఇంకా చాలాకాలం ఉంటుంది. రెండొందల ఏళ్ళ పట్టు గట్టిగా లాగితే పొడైపోతుంది. అందుకే మా కలెక్టర్ల క్లబ్బులో దాన్ని ఒంటికి తొడగడం మహాపాపం. ఇదంతా నేను రోజూ భోజనాల దగ్గర చెబుతుంటే మా ఆవిడ ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టేది.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. ఎప్పుడూ ముసలాయన మీద దుప్పటి కప్పేవాళ్ళం, ఆ రోజు మర్చిపోయాం. పాస్టరు గారు అమెరికాలో మా ఊరు షాంటిలీలో ఉన్న తెలుగువాళ్ళందరి వీసాల కోసం దీర్ఘంగా ప్రార్థిస్తున్నారు. మధ్యలో ఒక ఆంటీ ఎందుకో కళ్ళు తెరిచింది. "అయ్య బాబోయ్, ప్రభువా!" అని పెట్టిన కేకకి గ్రీన్‌కార్డుల దాకా వచ్చిన ప్రార్థన అక్కడే ఆగిపోయింది.

"బ్రదర్, ఇంట్లో విగ్రహం పెట్టుకున్నారేంటి?" అన్నారు పాస్టరు గారు.

"విగ్రహం కాదండీ అయ్యగారూ, ఇనుప చొక్కా."

"చొక్కాకి కోరలుంటాయా?"

అందరూ వెళ్ళాక మా ఆవిడ గిన్నెలు కడుగుతూ తేల్చేసింది. "క్రిస్మస్‌లోపు అది ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. నేను చర్చిలో తలెత్తుకోవాలా వద్దా?" నాకు ఒళ్ళు మండింది, బాధా వేసింది. ముసలాయన్ని పంపేయడమంటే నాకు ఇంట్లో మనిషిని పంపేసినట్టే.

కాపాడింది, మీరు నమ్మరు, హేరోదు. ఏటా క్రిస్మస్ నాటకంలో, బాలయేసుని చంపించబోయిన హేరోదు రాజుకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పంపేవాళ్ళు, స్టేజీ మీద సగం కాల్చిన చికెన్‌లా ఉండేవాడు. ఆ కేక పెట్టిన ఆంటీయే సండే స్కూల్ నడుపుతుంది, ఆవిడకి ఆ రాత్రే ఆలోచన వచ్చిందట. "అంకుల్ గారి దయ్యాన్ని హేరోదుకి వేస్తే అదిరిపోదా, పాస్టరు గారూ?" అని అడిగింది. పాస్టరు గారు, దేవుని పనికి వాడితే అది విగ్రహం ఎలా అవుతుందన్నారు. ఆయనకి ఆ మాట శుక్రవారమే తట్టుంటే ఎంత బాగుండేది!

ఇవ్వనంటే ముసలాయన ఇంట్లోంచి పోతాడు, ఇస్తే ముక్కలవుతాడు. పైగా హేరోదు వేషం వేసే బ్రదర్‌ది బిర్యానీకి లొంగిన శరీరం, చెయ్యి ఎత్తితే కవచం పటాపంచలే. చర్చిలో ఆమెన్ తప్ప ఎప్పుడూ నోరు విప్పని నేను లేచి, "హేరోదు నేనే వేస్తాను" అన్నాను.

నాటకం రోజు ఊపిరి కూడా కొలిచి పీల్చాను. తూర్పు దేశపు జ్ఞానుల కంటే హేరోదే ఎక్కువ తూర్పు నుంచి వచ్చాడని ఎవరికీ పట్టలేదు. కోపంతో లేచి బల్ల తన్నాలని స్క్రిప్టులో ఉంది. నేను కదల్లేదు. ముసుగులోంచి మెల్లగా, "బేత్లెహేములో మగపిల్లల్ని బతకనివ్వకండి" అన్నాను. బాలయేసుగా పడుకోబెట్టిన నిజం పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ క్రూరత్వమంతా పట్టుతాడు తెగుతుందన్న భయమే.

తెర పడ్డాక అందరూ ఫోటోలకి ఎగబడ్డారు. అదే ఆంటీ, "సెల్ఫీ అంకుల్!" అంటూ నా భుజం పట్టుకుని లాగింది. చిన్న చప్పుడు. ఎడమ భుజం పలక ఒక తాడు మీద వేలాడింది. నీలం పట్టు పొడిగా రాలింది. వంగి ఏరుకుందామంటే మిగతాది కూడా తెగుతుంది. ముసుగు ఉంది కాబట్టి నా కళ్ళలో నీళ్ళు హేరోదు ఖాతాలో పోయాయి.

ఇంతలో మా ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా ముందు చేతులు చాపి నిలబడింది. "ఎవరూ ముట్టుకోకండి! రెండొందల ఏళ్ళ పట్టు అది! ఇనుము ఉంటుంది, పట్టు ఉండదు! ఆంటీ, ఆ కాలు తియ్యండి, మీరు తాడు మీద నిలబడ్డారు!"

ఫోన్ చూసుకుంటూ ఊఁ కొట్టిన మనిషి ప్రతి ముక్కా విన్నది. మోకాళ్ళ మీద కూర్చుని, రాలిన పట్టుపోగులన్నీ ఏరి కానుకల కవర్లో వేసి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచింది.

జనవరిలో ప్రార్థన కూటం మళ్ళీ మా ఇంట్లోనే. ముసలాయన తెగిన భుజంతో అదే మూలలో కూర్చున్నాడు. నేను దుప్పటి తెస్తుంటే మా ఆవిడ లాక్కుని అల్మరాలో పెట్టేసింది. పాస్టరు గారు మూలకి చూసి గొంతు సవరించుకున్నారు.

"సిస్టర్, మళ్ళీ ఇదేంటి?"

"ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటాం కదండీ అయ్యగారూ," అంది మా ఆవిడ, ఆ ఆంటీకి టీ కప్పు అందిస్తూ. "ఇంక ఎవరికి కనబడుతుంది?"