స్పీకరు మీద పెట్టిన మందు

పదవీ విరమణకు ఇంకా ఏడాది ఉందనగా, తాడేపల్లిగూడెంలోని ఒక ఇంజినీరింగు కళాశాలలో నన్ను నానో ప్రయోగశాలకు ఇన్‌ఛార్జిగా వేశారు. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సుజాతది మండవల్లి, చేపల చెరువుల వాళ్ళమ్మాయి. ఆమె తయారుచేసే కణాలు కంటికి కనిపించనంత చిన్నవి. లోపల ఇనుప ఆక్సైడు, పైన పాలిమర్ పూత, ఆ పూతలో ఎర్రటి క్యాన్సర్ మందు. ఇనుము వల్ల కణాలు ఎక్కడున్నాయో ఎమ్మారై స్కానులో తెలుస్తుంది. కణితిని చేరేదాకా పూత మందును వదలకూడదు.

ఏలూరులో ఒక స్కానింగ్ సెంటరువారు ఓ ఆదివారం గంటసేపు యంత్రం ఇస్తామన్నారు. సుజాత ఫెలోషిప్పు ఆ నెలతో ఆఖరు. ఆ గంట పోతే థీసిస్‌లో పెట్టడానికి స్కాన్ బొమ్మలే ఉండవు. అందుకే కణాలు కలిపిన నీళ్ళున్న గాజు గొట్టాల డబ్బాను నేనే తీసుకుని, అద్దెకారులో వెనక అద్దం కింది బల్ల మీద భద్రంగా పెట్టాను. ముప్పై ఏళ్ళ అనుభవం కదా!

ఏలూరులో మూత తీసి చూశాను. ప్రతి గొట్టంలోనూ గోధుమరంగు మడ్డి అడుగుకు అంటుకుపోయింది. పైన తేట నీరు. పూత సరిగా కుదరలేదని సుజాత మీద విసుక్కున్నాను. ఆమె కారు దాకా వెళ్ళి వచ్చింది.

"ఏమీ అనుకోకండి సార్. డబ్బా పెట్టిన చోట కింద స్పీకరుందండి. అందులో ఉండేది అయస్కాంతమేనండి," అంది.

సిగ్గేసింది. బీకరు పక్కన అయస్కాంతం పెట్టి కణాలను ఒక చోటికి లాగి కడగటం మా రోజువారీ పనే. దారి పొడవునా నేను చేయించింది అదే.

సుజాత ఒక గొట్టాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి, "సార్, నీళ్ళు చూడండి! ఎరుపు లేదండి!" అని అరిచింది.

నాకు ఒళ్ళు పులకరించింది. మందు కారి ఉంటే ఆ నీళ్ళు ఎర్రబడాలి! ఇక తేలాల్సింది ఒక్కటే. పూత గట్టిదైతే కణాలు మళ్ళీ విడివడాలి. ఆమె గొట్టాన్ని అరచేతుల మధ్య నెమ్మదిగా దొర్లించింది. మడ్డి పొగలా లేచి, కాసేపట్లో నీరంతా ఒకే రంగయింది. వరండాలో రోగులు కూర్చున్నారని కూడా మరచి ఇద్దరం కేకలు పెట్టాం.

స్కాను తెర మీద ఉత్త నీళ్ళ గొట్టం తెల్లగా, ఇనుమున్న మావి అనుకున్నట్టే నల్లగా వచ్చాయి. ఈ సంగతి థీసిస్‌లో ఎలా రాయమంటారని సుజాత అడిగింది. స్పీకరుతో సహా జరిగింది జరిగినట్టే రాయమన్నాను.

ఆ సోమవారం నుంచి ప్రతి నమూనానూ బయటికి పంపేముందు గంటసేపు అయస్కాంతం మీద ఉంచి చూసేవాళ్ళం. నమూనా చెడిందనిపిస్తే, తయారుచేసిన వారిని అనేముందు దాన్ని నేనెక్కడ పెట్టానో చూసుకోవటం కూడా అప్పుడే నేర్చుకున్నాను.